రంగారావు గారి మూడు మరణాలు



జూలై నెల ఎస్.వి. రంగారావు గారి నెల. 1918 జూలై 3న నూజివీడులో పుట్టారు, 1974 జూలై 18న మద్రాసులో కన్నుమూశారు. యాభై ఆరేళ్ళు నిండి పదిహేను రోజులు, అంతే. ఆయన వేసిన వేషాలు తలుచుకుంటే ఆ వయసు నమ్మబుద్ధి కాదు. ముప్ఫై మూడు నిండకుండా నేపాళ మాంత్రికుడయ్యారు. ముప్ఫై తొమ్మిది నిండకుండా ఘటోత్కచుడయ్యారు. సినిమాల్లోకి పోకముందు మన బందరులో ఫైరాఫీసరు ఉద్యోగం చేశారన్న సంగతి ఇక్కడి పెద్దవాళ్ళకు తెలుసు. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు ఆయనే. ఆ గొంతు గురించి, ఆ నడక గురించి, కనుబొమ ఒక్కటి ఎత్తితే హాలంతా నిశ్శబ్దమైపోవడం గురించి చాలామంది రాశారు. ఈ సాయంత్రం నేను ఆయన చావుల గురించి మాట్లాడతాను. తెర మీది చావుల గురించి.

ఎందుకో చెప్పాలి. నేను ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. మా మనవడు ఇంజనీరింగు రెండో ఏడు. వాడికి హారర్ సినిమాలంటే ప్రాణం, నాకూ అంతే. ఇద్దరం రాత్రిళ్ళు దీపాలార్పుకుని చూస్తాం. మొన్న వేసవిలో ఒక సినిమా మధ్యలో నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. తెర మీద ఒక మనిషిని ముక్కలు చేస్తున్నారు, కెమెరా కదలడం లేదు. వాడు వెనకాలే వచ్చి, "భయమేసిందా అమ్మమ్మా?" అన్నాడు. "లేదురా, రోత పుట్టింది" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి రక్తం లేకపోతే అది హారర్ ఎలా అవుతుంది?" అని అడిగాడు. అల్లరికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామని అడిగాడు. అప్పటికప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ జవాబును రంగారావు గారి సాయంతో వెతుక్కుందామని ఇక్కడికి వచ్చాను.

1

మొదటి చావు 1951లో, 'పాతాళ భైరవి'లో. నేపాళ మాంత్రికుడు తోట రాముణ్ణి అమ్మవారికి బలి ఇవ్వడానికి వెంట తీసుకుపోతాడు. ఆఖరికి బలి అయ్యేది తనే. మాంత్రికుడిది నూజివీడు. రాముడు మన నిమ్మకూరు రామారావు గారు. ఇద్దరి నోటా మాటలు పెట్టింది బందరు నాటక సమాజంలో చేయి తిరిగిన పింగళి నాగేంద్రరావు గారు. తెలుగువాళ్ళు ఇప్పటికీ మరచిపోని ఆ మాంత్రికుడు ఈ డెల్టా మనుషుల చేతుల్లో తయారయ్యాడని చెప్పుకోవడానికి నాకు గర్వంగా ఉంటుంది. మాంత్రికుడి తల తెగుతుంది. తెగిన మెడలో ఏముందో చూపించాలన్న ఆలోచన దర్శకుడు కె.వి. రెడ్డి గారికి లేదు. కథ అక్కడితో ఆగదు. శిష్యుడు సదాజపుడు వస్తాడు, సంజీవని పెడతాడు, గురువు లేచి కూర్చుంటాడు. చిన్నప్పుడు నన్ను వణికించింది ఆ తల తెగడం కాదు, ఆ లేచి రావడం. పోయాడనుకున్నవాడు ఎక్కడో తిరుగుతున్నాడని మనకు తెలుసు, పాపం రాముడికి తెలియదు.

రెండో చావు 1963లో, 'నర్తనశాల'లో. దర్శకుడు కమలాకర కామేశ్వరరావు గారిది బందరు. కృష్ణాపత్రికలో సినిమా సమీక్షలు రాసి, తర్వాత సినిమాలు తీసిన మనిషి. కీచకుడు రంగారావు గారు. ఆయన్ని చంపే భీముడు దండమూడి రాజగోపాలరావు గారు, మన గండిగుంట మనిషి, బరువులెత్తడంలో పేరుమోసినవారు. బెజవాడ ఇండోర్ స్టేడియం గోడ మీద రోజూ మనం చదివే పేరు ఆయనదే. అటుగా వెళ్ళేటప్పుడు నాకు స్టేడియం కనపడదు, ఆ చీకటి నర్తనశాల కనపడుతుంది.

ఆ చావు భారతంలో ఎలా ఉందో మీలో విరాటపర్వం చదివినవాళ్ళకు తెలుసు. భీముడు కీచకుడి కాళ్ళూ చేతులూ తలా మొండెంలోకి కుక్కేస్తాడు. తెల్లవారి చూసినవాళ్ళకు ఏది చెయ్యో ఏది కాలో తెలియదు. మాంసపు ముద్ద. ఇప్పటి దర్శకుడికి ఇది దొరికితే పండగే. కామేశ్వరరావు గారు ఆ ముద్ద జోలికి పోలేదు. నలుపు తెలుపుల్లో రాత్రి, ముసుగు, మత్తులో మురిపెంగా నడిచొచ్చే రంగారావు గారు. ఆ ముఖంలో మురిపెం అనుమానంగా, అనుమానం భయంగా మారడం చూడండి. అంత బలవంతుడు భయపడ్డాడంటే ముసుగు కింద ఉన్నదెంత భయంకరమైనదో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మూడో చావు 1967లో, ఏవీఎం వారి 'భక్త ప్రహ్లాద'లో. హిరణ్యకశిపుడు. భాగవతం ప్రకారం ఇది మూడింటిలోకీ ఘోరమైన చావు. గడప మీద, తొడ మీద, గోళ్ళతో. పేగులు దండగా వేసుకున్నాడు స్వామి. మా వీధిలో ఆ సినిమా చూసినవాళ్ళను ఈ ఉపన్యాసం కోసం మళ్ళీ అడిగాను. ఆరుగుర్ని. ఆరుగురికీ గుర్తున్నది స్తంభం. గద స్తంభానికి తగలడానికీ స్తంభం పగలడానికీ మధ్య ఉన్న ఆ కాసింత ఎడం. ఆ తరువాత తెర మీద ఎరుపు ఎంత చూపించారంటే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పారు. స్తంభం మాత్రం అందరిదీ ఒకటే.

2

ఇక్కడ భరతుణ్ణి పిలవాలి. భయపడకండి, క్లాసు తీసుకోను.

నాట్యశాస్త్రంలో భయానకం ఒక రసం, బీభత్సం వేరే రసం. ఒకదానికి మూలం భయం, ఇంకోదానికి జుగుప్స. మనం హారర్ అనే ఒక్క మాటలో ఈ రెండింటినీ కలిపేసి, ఆ తరువాత ఒకటి ఎక్కువైందనో తక్కువైందనో తగువులాడుకుంటున్నాం. భరతుడు వాటిని విడివిడిగా పెట్టాడు. విడిగా పెట్టి, దేనికేది కారణమో జాబితా రాశాడు. భయానకానికి ఆయన చెప్పిన కారణాలు వినండి: వికృతమైన అరుపులు, దెయ్యాలు కనపడటం, నక్కల కూత, గుడ్లగూబ కూత, ఎవరూ లేని ఇల్లు, అడవి దారి, అయినవాళ్ళు చనిపోవడమో బందీలు కావడమో చూడటం, లేదా ఆ సంగతి వినడం. ఎవరూ లేని ఇల్లు! రెండు వేల ఏళ్ళుగా హారర్ సినిమాకు సెట్టింగు మారలేదు. ఆ జాబితాలో నెత్తురు లేదు. అయినవాళ్ళ చావు కూడా చూడనక్కర్లేదు, వింటే చాలన్నాడు.

నెత్తురు బీభత్సంలో ఉంది. బీభత్సంలో రకాలు చెబుతూ పురుగులూ మలమూ చూస్తే కలిగేది ఒకటి, నెత్తురూ అలాంటివీ చూస్తే కలిగేది ఇంకొకటి అన్నాడు. అది కలిగినప్పుడు మనిషి ఏం చేస్తాడో కూడా రాశాడు. ఒళ్ళు ముడుచుకుంటాడు, ముఖం తిప్పుకుంటాడు, ఉమ్ముతాడు. మా మనవడికి అప్పుడు చెప్పలేకపోయిన మాట ఇదే. రోత ముఖం తిప్పిస్తుంది. భయం తల తిప్పనివ్వదు. రోత పుడితే మనిషి వంటింట్లోకి పోతాడు. భయం పుడితే దుప్పటి కంటిదాకా లాక్కుని, సందులోంచి చూస్తాడు. ఈ రెండూ ఒంట్లో ఎదురెదురు దిక్కుల్లో లాగుతాయి.

అంతటితో ఆగితే నా పని సులువు. నెత్తురు వద్దు, చీకటి చాలు అని చెప్పి కూర్చోవచ్చు. చాలామంది పెద్దవాళ్ళు అలాగే చెబుతారు. కానీ భరతుడే ఇంకో మాట అన్నాడు. శృంగారం నుంచి హాస్యం, రౌద్రం నుంచి కరుణ, వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయన్నాడు. బీభత్సం నుంచి భయానకం! అంటే నెత్తురు తల్లి, భయం బిడ్డ. తల్లిని కాదంటే ఎలా? ఈ మాట నన్ను చాలా ఏళ్ళు తిప్పలు పెట్టింది. దీని సంగతి నాలుగో మెట్టులో తేల్చుకుందాం.

3

ముందు చీకటికి దక్కాల్సినది దక్కాలి.

బెజవాడకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి ఉన్నాడు. మీలో వెళ్ళనివారు ఉండరు. అక్కడ విగ్రహం లేదు. రాతిలో తెరుచుకుని ఉన్న నోరు ఒక్కటే. దానికి లోహపు ముఖం తొడిగారు. పూజారి గారు శంఖంతో పానకం పోస్తుంటే లోపలెక్కడో గుటక వేసిన చప్పుడు వినపడుతుంది. సగం తాగి సగం ప్రసాదంగా వదులుతాడంటారు. చిన్నప్పుడు మా అమ్మ చంకలోంచి ఆ చప్పుడు విన్నాను. భక్తి ఏమిటో తెలియని వయసు. ఆ నోటి వెనక ఎంత పెద్ద ఒళ్ళు ఉండాలో అని ఆలోచిస్తూ కొండ దిగాను. ఆ ఒళ్ళు చెక్కడానికి ఏ శిల్పీ సాహసించలేదు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన స్వామి అక్కడ బెల్లపు నీళ్ళు తాగుతాడు, నోరు తప్ప మరేమీ చూపించడు. అది భయానకానికి పరాకాష్ఠ అని నేను భక్తితోనే అంటున్నాను.

తంజావూరు జిల్లా మేలట్టూరులో తెలుగు భాగవత మేళ ఇప్పటికీ ఆడతారు. ప్రహ్లాద నాటకంలో నరసింహస్వామి ముఖచట్టానికి గుళ్ళో పూజ జరుగుతుంది. అది కట్టుకునే మనిషి ఉపవాసం ఉంటాడు. కట్టుకున్నాక ఆవేశం వస్తే పట్టుకోవడానికి పక్కన మనుషులు ఉంటారు. అక్కడ జనం చూసేది ఆ పట్టుకున్న చేతులనే. అవి వదిలేస్తే ఏమవుతుందోనని.

ఈ విద్య మన సినిమాలో బాగా వంటబట్టింది రామ్‌గోపాల్ వర్మ గారికి. ఆయన మన సిద్ధార్థ ఇంజనీరింగు కాలేజీలో చదువుకున్నారు. 1992లో 'రాత్రి' తీశారు. రేవతి గారు నాయిక. కొత్త ఇంట్లోకి దిగిన కుటుంబం. ఇంటాయన కారు వెనక్కి తీస్తుండగా పిల్లికూన చక్రం కింద పడి చచ్చిపోతుంది. పెరట్లో పాతిపెడతారు. మర్నాడు పిల్లికూన ఇంట్లో తిరుగుతుంటుంది. అంతే! ఆ పిల్లికూన ఎవరినీ కరవదు, రక్కదు. నేను ఆ సినిమా చూసి వచ్చాక మా పెరట్లో పిల్లి అరిస్తే నెల్లాళ్ళు తలుపు తీయలేదు. నేపాళ మాంత్రికుడు లేచి కూర్చోవడమూ ఆ పిల్లికూన తిరిగి రావడమూ ఒకే విద్య.

4

ఇప్పుడు తల్లి సంగతి.

మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో ఒకసారి 'కీచక వధ' ఆడారు. కీచక వధ మన నాటకరంగానికి అచ్చొచ్చిన కథ. సురభి వాళ్ళు 1885లో మొట్టమొదట ఆడిందీ అదే. మా బాబాయి భీముడు. తెర వెనక రంగు పూసే ఆయన పక్కన కూర్చుని నేను నెత్తురు తయారవడం చూశాను. కంచు గిన్నెలో నీళ్ళు, గుప్పెడు పసుపు. పచ్చగా ఉన్నాయి. వేలితో కాస్త సున్నం తీసి అందులో కలిపాడు. చూస్తుండగానే ఎర్రబడ్డాయి. దిష్టి తీయడానికి మా నాయనమ్మ కలిపే ఎర్రనీళ్ళే. చిక్కబడటానికి కాస్త బెల్లప్పాకం పోశాడు. కాబట్టి అది నెత్తురు కాదని ఆ పందిట్లో అందరికంటే బాగా నాకే తెలుసు.

చంపడం తెర వెనకే జరిగింది. పెడబొబ్బలు వినపడ్డాయి. తరువాత తెర పక్కనుంచి బాబాయి రెండు చేతులూ బయటికి వచ్చాయి, మోచేతుల దాకా ఎర్రగా. మనిషి కనపడలేదు, చేతులే. పందిరి పందిరంతా ఊపిరి బిగబట్టింది. అన్నీ తెలిసిన నేనూ బిగబట్టాను.

అసలు భయం మర్నాడు. పంచె మీది మరకలు ఆరి మళ్ళీ పసుప్పచ్చగా అయిపోయాయి. మా అమ్మ నూతిగట్టు మీద ఆ పంచె పరిచి సబ్బు పెట్టింది. సబ్బు తగిలిన చోటల్లా పసుపు మళ్ళీ ఎర్రబడింది. పట్టపగలు, మా ఇంట్లో, మా అమ్మ చేతుల కింద, పోయిందనుకున్న నెత్తురు తిరిగొచ్చింది. నేను ఏడుపు అందుకున్నాను. పసుపుకు సబ్బు తగిలితే అంతేనని మా అమ్మ ఎంత చెప్పినా ఆ రోజంతా నేను నూతి దగ్గరికి వెళ్ళలేదు.

భరతుడి మాట నాకు ఆ పంచె దగ్గర అర్థమైంది. బీభత్సం నుంచి భయానకం పుడుతుంది, అయితే పుట్టాక బీభత్సం పక్కకు జరగాలి. నెత్తురు ఒక గుర్తుగా మిగలాలి, మన ఊహకు అప్పజెప్పి వెళ్ళిపోవాలి. తల్లి బిడ్డను ఎత్తుకునే కూర్చుంటే బిడ్డకు నడక రాదు. యుద్ధం, మరణం, నగరం ముట్టడి లాంటివి రంగం మీద నేరుగా చూపవద్దు, మధ్యలో వచ్చే చిన్న పాత్రల మాటల్లో సూచించమని భరతుడు చెప్పింది సున్నితత్వం కోసమేనని నేను అనుకోను. అది పనితనం. కవులు ఆ నియమాన్ని మీరారు కూడా. భాసుడి 'ఊరుభంగం'లో దుర్యోధనుడు మన కళ్ళ ముందే చనిపోతాడు. 'వేణీసంహారం' మూడో అంకం మొదట్లో యుద్ధభూమిలో నెత్తురు పోగుచేసుకునే రాక్షస దంపతులు వస్తారు. రుధిరప్రియుడు, వసాగంధ. పేర్లు విన్నారుగా. వాళ్ళు మాట్లాడుకుంటుంటే యుద్ధం ఎంత జరిగిందో మనకు తెలుస్తుంది.

బయటి దేశాల్లోనూ ఈ పనితనం తెలిసినవాళ్ళు ఉన్నారు. హిచ్‌కాక్ 1960లో 'సైకో' నలుపు తెలుపుల్లో తీశాడు. స్నానాల గది నీళ్ళలో కలిసి పోయే ఆ నెత్తురు చాక్లెట్ పాకం. 1974 నాటి 'టెక్సాస్ చైన్‌సా మాసకర్' పేరు వింటేనే జనం హడలిపోతారు, తీరా చూస్తే తెర మీద నెత్తురు బహు తక్కువ. ఇంకో దారి కూడా ఉంది. సరిగ్గా మన 'నర్తనశాల' వచ్చిన 1963లోనే అమెరికాలో హెర్షెల్ గోర్డన్ లూయిస్ అనే ఆయన మయామిలో 'బ్లడ్ ఫీస్ట్' తీశాడు. రంగుల్లో, కోసిన అవయవాలతో. నెత్తురు పారే సినిమాలకు అదే తాత అంటారు. నేను చూశాను. ఒళ్ళు ముడుచుకుంది. చూసిన రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

5

మరి 'అరుంధతి' మాటేమిటి అంటారు మీరు. 2009లో వచ్చిన కోడి రామకృష్ణ గారి సినిమా. అందులో జేజమ్మ తన ఎముకలే ఆయుధం కావాలని తెలిసి, తల మీద కొబ్బరికాయలు కొట్టించుకుని ప్రాణం విడుస్తుంది. నెత్తురు కారుతుంది, కెమెరా చూస్తూనే ఉంటుంది. నా లెక్క ప్రకారం అది ముఖం తిప్పుకోవాల్సిన దృశ్యం. కానీ హాల్లో ఒక్కరూ తిప్పుకోలేదు. నా పక్క సీట్లో ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అది ఎందుకు నిలబడిందో చెబుతాను. ఆ నెత్తురు జేజమ్మది. ఆవిడ ఎవరో, ఎందుకు కూర్చుందో, ఒక్కో దెబ్బతో ఏం ఇచ్చేస్తోందో మనకు తెలుసు. ఆ నెత్తురుకు పేరుంది.

భారతం ఈ విషయంలో ఏ సినిమాకంటేనైనా ముందుంది. దుశ్శాసనుడి రొమ్ము చీల్చి భీముడు నెత్తురు తాగాడు. మన పద్యనాటకాల్లో ఈలలు పడే ఘట్టం. కానీ భారతం అక్కడితో వదలదు. స్త్రీపర్వంలో గాంధారి ముందు నిలబడి భీముడు సంజాయిషీ ఇచ్చుకుంటాడు. ఆ నెత్తురు నా పెదవులు దాటలేదమ్మా, పళ్ళు దాటలేదమ్మా అని. చంపినవాడు చచ్చినవాడి తల్లికి చెప్పుకోవలసి వచ్చింది. అదే పర్వంలో యుద్ధభూమిలో ఆడవాళ్ళు తిరుగుతారు. దొరికిన తలను దొరికిన మొండేనికి చేర్చి చూస్తారు, అది ఇతనిది కాదని తెలిసి మళ్ళీ వెతుక్కుంటారు. ఇంతకంటే బీభత్సమైన దృశ్యం నాకు తెలియదు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా ఆ చోట నా గొంతు నిలబడేది కాదు. పిల్లలు ముఖం తిప్పుకునేవాళ్ళు కాదు, తలలు వంచుకునేవాళ్ళు. ఆ తేడా గమనించండి.

ఈ కొలతతో ఇప్పటి సినిమాలు చూస్తే నాకు దిగులు. మన దెయ్యాలు నవ్వించడం మొదలుపెట్టాయి. 2013లో 'ప్రేమకథా చిత్రమ్' అందరినీ నవ్వించింది, 2017లో 'ఆనందో బ్రహ్మ'లో దెయ్యాలే మనుషులకు భయపడ్డాయి. రెండూ సరదాగా చూశాను. 'మసూద', 'విరూపాక్ష' లాంటివి వచ్చినప్పుడు మళ్ళీ దీపాలార్పుకుంటాను. కానీ దెయ్యాలు వదిలేసిన నెత్తురు ఎక్కడికి పోయింది? హీరోల చేతికి పోయింది. మన వరంగల్ బిడ్డ సందీప్ రెడ్డి వంగా గారు హిందీలో తీసిన 'యానిమల్'లో, 2023లో, గొడ్డలి పట్టుకున్న కథానాయకుడి మీదికి వరసలు వరసలుగా వచ్చేవాళ్ళంతా ముసుగులు వేసుకుని ఉంటారు. చచ్చేవాళ్ళకు పేరు లేదు సరే, ముఖం కూడా లేదు. 2025లో 'హిట్' మూడో భాగం 'ఎ' సర్టిఫికెట్టుతో వచ్చింది. అందులోనూ నెత్తురుకు కొదవ లేదు. పనితనం లేదనను, చాలా ఉంది. హాల్లో కుర్రాళ్ళు ఈలలు వేస్తుంటే నేను వింటున్నదల్లా ఒకటే: ఈ పడిపోయినవాళ్ళలో ఒక్కడి తల్లీ ఏ సన్నివేశంలోనూ రాదు. గాంధారి రాని యుద్ధం అది. అక్కడ భయం పుట్టదు, పుట్టడానికి చోటు లేదు. రోత కూడా నాలుగోసారికి మొద్దుబారుతుంది. మొద్దుబారాక ఇంకాస్త పోయాలి. హారర్‌ను నెత్తురు పాడుచేస్తుందా అంటే, పేరు లేని నెత్తురు పాడుచేస్తుంది. మామూలు ఫైటింగు సినిమాను కూడా పాడుచేస్తుంది.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం సవరించి 'యు/ఎ'ను ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు ముక్కలు చేశారు. మంచిదే. ఎంత నెత్తురో, ఎంత వయసో కొలవడానికి పనికొస్తుంది. ఎవరి నెత్తురు అన్నది ఏ సర్టిఫికెట్టూ కొలవదు. ఆ పని చూసేవాళ్ళదీ రాసేవాళ్ళదీ.

6

ఇక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇది మా ఇంటి సంగతి.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. ఈ హాల్లో అరవై దాటినవాళ్ళకు ఆ తేదీ చెప్పక్కర్లేదు. పదివేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప, ఆ పేర్లు ఇప్పటికీ మెల్లగా పలుకుతాం. మేము చల్లపల్లిలో ఉండేవాళ్ళం. నీళ్ళు తీయగానే మా పెదనాన్న పదిమందితో కలిసి నాగాయలంక వైపు వెళ్ళాడు. శవాలను పోగుచేసి తగలబెట్టే పని. పది రోజులు చేశాడు. తిరిగొచ్చి స్నానం చేసి, అన్నం తిని పడుకున్నాడు. ఏం చూశావని ఎవరు అడిగినా చెప్పలేదు. పేపర్లో ఫొటోలు వస్తే మడిచి అవతల పెట్టేవాడు.

పెదనాన్నకు సినిమాలంటే ఇష్టం. రంగారావు గారంటే మరీ ఇష్టం. ఏడెనిమిదేళ్ళ తరువాత మా అక్క పెళ్ళికి వీసీఆర్ అద్దెకు తెచ్చారు. పందిట్లో రాత్రంతా సినిమాలు. కుర్రాళ్ళు పట్టుబట్టి 'ఈవిల్ డెడ్' పెట్టారు. నెత్తురు కుండలతో పోసినట్టు ఉంటుంది ఆ సినిమా. ఆడవాళ్ళందరం చెవులు మూసుకున్నాం. పెదనాన్న మడత కుర్చీలో కూర్చుని చుట్ట కాల్చుకుంటూ మొత్తం చూశాడు. మధ్యలో ఒకసారి నిద్రపోయాడు కూడా.

తెల్లవారుజామున ఒక పాత నలుపు తెలుపు సినిమా పెట్టారు. అందులో రాత్రి పూట, ఎవరూ లేని పెరట్లో దండెం మీద తడి చీర ఒకటి గాలికి ఆడుతుంది. అంతే, ఇంకేమీ లేదు. పెదనాన్న లేచి నిలబడ్డాడు. చుట్ట పడేసి పందిట్లోంచి బయటికి వెళ్ళిపోయాడు. నేను మంచినీళ్ళు తీసుకుని వెనకాలే వెళ్ళాను. కరెంటు స్తంభం కింద నిలబడి ఉన్నాడు.

"ఏం పెదనాన్నా?" అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నాగాయలంక అవతల ఒక తుమ్మచెట్టు ఉందమ్మాయ్" అన్నాడు. "దాని చిటారుకొమ్మకు చీర చుట్టుకుని ఉంది. మనిషి లేదు. చీరే. నేను కింద నిలబడి చూశాను. అక్కడిదాకా వచ్చాయన్నమాట నీళ్ళు."

చెప్తూ చెయ్యి పైకెత్తాడు, ఎంత ఎత్తో చూపించడానికి. చాలలేదు. మునివేళ్ళ మీద లేచాడు. అదీ చాలక, అలాగే చెయ్యి ఎత్తిపట్టి, స్తంభం మీద వెలుగుతున్న బల్బు వంక చూస్తూ ఉండిపోయాడు.